కట్టిన పన్నుకు డప్పు

పుంటికూర పప్పు ఉన్నది, వేడి చేసుకొని తిను. అక్కను చూడనీకి హాలియా పోతున్న, రేపు సాయంత్రం వస్త.

ఇయ్యాల మున్సిపాలిటోళ్లు వచ్చి, ఇంటిపన్ను కట్టలేదని మన గేటు ముందు డప్పు కొట్టించిండ్రు. మొన్ననే కట్టినమంటే ఇనలే. వాళ్లు పోయినంక రశీదు నీ ప్యాంటు జేబుల దొరికింది! టీవీ మీద పెట్టిన. రేపు మున్సిపల్ ఆఫీసుల చూపియ్యి. వాళ్లు "తప్పయింది సార్" అనంగనే నవ్వుకుంట రాకు, నీకా అలవాటున్నది. పన్ను కట్టిండ్రని గల్లీల మళ్లా డప్పు కొట్టి చెప్పమను.

డప్పాయన మీద నాకు కోపం లేదు, చాయ్ పోసిన.

– స్వరూప

ఇంకోటి. మన పెండ్లికి డప్పులు దండుగంటివి. ఇయ్యాల కొట్లాడనీకే గేటు కాడికి ఉరికిన గానీ, ఆ దరువుకు నా కాళ్లు ఆగలే. మళ్లా కొట్టేది నేనొచ్చినంకనే పెట్టమను.