రేవు వీధి ఇల్లు ఎవరికి

కేత్‌నెస్ జిల్లా విక్ పట్టణం రేవు వీధిలో కాపురం ఉంటూ, నలభై ఒక్క ఏళ్లు సొలిసిటరుగా పనిచేసి మూడేళ్ల కిందట విరమించుకున్న డొనాల్డినా స్వాన్సన్ అనే నేను, నా డెబ్బై మూడో ఏట, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ ఎవరి తీపిమాటలూ లేకుండా రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు. నా బుద్ధి సక్రమంగానే ఉందని డాక్టరు నిన్న రాసిచ్చిన కాగితం దీనికి కుట్టాను. అది లేకపోతే ముసలిదానికి చాదస్తం పట్టిందని ఎవరు ముందుగా అంటారో నాకు తెలుసు.

1. ఇది నా చేత్తో నల్లసిరాతో రాసింది. మొత్తం ఏడు పేజీలు. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాను. కొట్టివేత ఉన్నచోటల్లా పొడి అక్షరాలు వేశాను. సంతకం లేని పేజీ ఏదైనా కనబడితే అది నాది కాదు.

2. నా తమ్ముడి కొడుకు లాక్లన్ స్వాన్సన్‌కు హాల్లో గోడకున్న, గాలివానను బట్టి ముల్లు తిరిగే బారోమీటరు ఇస్తున్నాను. గాలి ఎటు తిరిగితే అటు తిరగడం అతనికి ముందే వచ్చు కనుక దానితో బాగా పొసుగుతుంది. పోయిన ఈస్టరుకు వచ్చి, "అత్తా, ఈ కాలంలో వకీళ్లెందుకే? కంప్యూటర్లో నాలుగు ప్రశ్నలకు జవాబు చెబితే వీలునామా వచ్చేస్తుంది. నేను చేసిపెట్టనా?" అన్నాడు. ఆ మాట అంటూనే మేడమీద గదులు కొలుచుకున్నాడు. సెలవులకొచ్చేవాళ్లకు అద్దెకివ్వాలని ఉన్నట్టుంది. చట్టప్రకారం మేనల్లుడికి నా ఆస్తిలో హక్కేమీ లేదు. అడిగే నోరు మాత్రం ఉంది.

3. నా బూడిదరంగు ఉన్ని కోటు, ఊలు దుప్పట్లు, వంటసామాను సమస్తం చేపల షెడ్డులో పనిచేసే జెస్సీ మాన్సన్‌కు దఖలు పరుస్తున్నాను. కారణం రాయాలి. రాయకపోతే ఆమె నన్ను బుట్టలో వేసుకుందంటారు.

జెస్సీ, మాగ్నస్ డనెట్ అనే రెండు పడవల యజమానీ కలిసి ఉండేవారు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. పోయిన జనవరిలో అతను ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. అతన్ని ఇంట్లోకి రానివ్వకుండా కోర్టు ఉత్తర్వు కోసం ఆమె ఇరవై రెండు మంది సొలిసిటర్లకు ఫోన్ చేసింది. న్యాయ సహాయ పథకం కింద కేసు తీసుకునేవాడు ఈ జిల్లాలో ఒక్కడూ మిగల్లేదు. వంద మైళ్ల అవతల ఇన్వర్నెస్‌లో ఒకాయన, "జూలైలో చూద్దాం" అన్నాడట. కట్టుకట్టిన చేత్తో నా తలుపు తట్టింది. "స్వాన్సన్ గారూ, మీరు మానేశారని తెలుసు. ఈ కాగితాల్లో ఏముందో చెబితే చాలు" అంది.

వకీలు లేకుండా ఆమె తనే వేసుకున్న దరఖాస్తుకు జవాబుగా, మాగ్నస్ తరఫున గ్లాస్గో లాయర్ల కంపెనీ పంపిన కాగితాలవి. ఇంట్లో భాగం ఉన్నవాణ్ని బయటికి పంపకూడదని పై కోర్టు చెప్పిందంటూ, తీర్పు పేరు, సంపుటం, పేజీ అన్నీ ఇచ్చారు. ఆ తీర్పు నేనెన్నడూ వినలేదు. చక్కగా, సరిగ్గా వాళ్లకు కావలసినట్టే ఉంది. నాకు అనుమానం వచ్చింది అందుకే. నా బీరువాలోంచి ఆ సంపుటం తీశాను. ఆ పేజీలో ఉన్నది ఉప్పుచేపల పీపాలు కారిపోయాయని ఇద్దరు వర్తకులు వేసుకున్న దావా.

విరమించాక సొలిసిటర్ల జాబితాలో నా పేరు లేదు కనుక కోర్టులో నేను నోరు విప్పకూడదు. జెస్సీ పక్కన కూర్చోనిచ్చారు. పుస్తకం తెరిచి ఆమె ముందుకు తోశాను. ఆమె లేచింది. "అయ్యా, వాళ్లు చెప్పిన పేజీలో చేపల పీపాల గొడవ ఉందండి. నా ఇంటి మాట లేదు. చేపల సంగతి నాకు బాగానే తెలుసు" అంది. జడ్జిగారు పుస్తకం తెప్పించుకుని చూశారు. ఉత్తర్వు ఆ రోజే వచ్చింది.

4. ఇప్పుడు చెప్పక తప్పనిది. జెస్సీ మొదట ఫోన్ చేసింది ఆ ఇరవై రెండు మందిలో ఎవరికీ కాదు, నాకు. మూడేళ్ల కిందట, అతను తొలిసారి చెయ్యి చేసుకున్నప్పుడు. నా విరమణకు ఇంకా నెల ఉంది. "కొత్త కేసులు తీసుకోవడం లేదమ్మా" అన్నాను. పేరైనా అడగలేదు. కేసు గెలిచాక టీ తాగుతూ తనే చెప్పింది, నిష్ఠూరం లేకుండా. ఆ నెలలో నాకు తీరిక లేదని ఆ తర్వాత కొన్నాళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. పాత డైరీ తీసి చూశాను. తీరిక ఉంది. ఆ డైరీ ఎవరికీ ఇవ్వను. నాతోపాటు పెట్టెలో పెట్టండి.

5. ఆ దొంగ తీర్పు దాఖలు చేసింది ఫెర్గస్ ఓగ్. పన్నెండేళ్లు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. నేను విరమించగానే, అతని చేతికిచ్చిన నా ఆఫీసును ఆ గ్లాస్గో కంపెనీలో కలిపాడు. ఏడాది తిరక్కుండానే కంపెనీ మా ఊరి తలుపు మూసేసింది. మూస్తారని అతనికి ముందే తెలుసని నా అనుమానం. తెలియదంటాడు.

ఆ రోజు గ్లాస్గోలో కూర్చుని కోర్టులో తెర మీద కనిపించాడు. ఆ తీర్పు ఎక్కడిదని జడ్జిగారు అడిగారు. "కంపెనీ ఏఐ మిషను ఇచ్చిందండి. నేను పుస్తకం తెరిచి చూడలేదు" అన్నాడు. అబద్ధం ఆడలేదు, అది రాస్తున్నాను. అతని మీద ఫిర్యాదు పెట్టింది నేనే. అదీ రాస్తున్నాను. విచారణ జరిగింది, మందలింపుతో పోయింది. సొలిసిటర్ల జాబితాలో అతని పేరు ఇంకా ఉంది.

నా తీర్పుల సంపుటాలు నూట పద్ధెనిమిదీ ఫెర్గస్ ఓగ్‌కు ఇస్తున్నాను. తెరిచి చూసుకోవడానికి.

6. రేవు వీధి ఇల్లు, కింది ఆఫీసు గదులతో సహా, అమ్మకూడదు. సెలవుల అద్దెకు ఇవ్వకూడదు. ఈ ఊళ్లో ఉండి న్యాయ సహాయ కేసులు తీసుకునే సొలిసిటర్ ఎవరైనా సరే, ముందుగా వచ్చినవారికి అద్దె లేకుండా ఇవ్వాలి. పదేళ్లు అలా చేస్తే ఇల్లు వారి సొంతం. ఏ కంపెనీ పేరుకీ బదిలీ చెల్లదు. నా చావు తర్వాత అయిదేళ్ల వరకు ఎవరూ రాకపోతే, ఇంట్లో దెబ్బలు తిని బయటికొచ్చిన ఆడవాళ్లు తలదాచుకోవడానికి ఇవ్వండి. కోర్టు దొరక్కపోయినా గడియ ఉన్న తలుపైనా దొరుకుతుంది.

7. ఈ వీలునామా అమలు బాధ్యత జెస్సీ మాన్సన్‌ది. ఏ బ్యాంకునూ ఏ కంపెనీనీ పెట్టుకోవద్దు. "నాకు చట్టం తెలియదు కదండీ" అంది. పేజీ తెరిచి చదవడం తెలుసు. అది చాలు.

8. పోయిన మంగళవారం ఫెర్గస్ ఫోన్ చేశాడు. "మిస్ స్వాన్సన్, కంపెనీ మానేశాను. వెనక్కి రావాలనుంది. ఆ కింది ఆఫీసు గదులు ఖాళీగానే ఉన్నాయా?" అన్నాడు. ఇంటి మీద కన్నేసి అడుగుతున్నావా, పని మీద మనసై అడుగుతున్నావా అన్నాను. "మీరు నమ్మరని తెలిసే చేశాను" అన్నాడు. నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడం లేదు. కానీ ఆరో నిబంధన నాలుగుసార్లు తిరగరాశాను. అతను చెప్పింది నిజమే అయితే, అతన్ని ఆ గుమ్మం దగ్గర ఆపగల మాట ఒక్కటి కూడా అందులో లేదు.

ఈ రెండువేల ఇరవై అయిదు నవంబరు పద్నాలుగో తేదీన, విక్‌లో, నా సొంత వంటింటి బల్ల మీద సంతకం చేశాను.

(సం.) డొనాల్డినా స్వాన్సన్

సాక్షులు (మా చట్టానికి ఒక్కరు చాలు, నాకు చాలరు):
హ్యూజినా కార్మాక్, రొట్టెల దుకాణం, రేవు వీధి
డోనల్డ్ వాటర్స్, పడవల మరమ్మతు, విక్