రెహానా ఇచ్చిన సీడీనే ఎక్కించాను

ఏమండీ,

షార్జాలో అక్కకు జ్వరమట, పాపను తీసుకుని వెళ్తున్నాను. కింద కారు డ్రైవరు త్వరగా దిగమని యల్లా, యల్లా అని అరుస్తున్నాడు. అన్నం కుక్కర్లో ఉంది, చేపల పులుసు వేడి చేసుకోండి.

పాత ల్యాప్‌టాప్ తెరిచి బెదిరిపోకండి. విండోస్ తీసేసి, దాని బదులు కంప్యూటర్ని నడిపే ఉబుంటు నేనే ఎక్కించాను. మీరు రాయించి తెచ్చిన సీడీనే ముందు పెట్టాను, మీదే గెలవాలని. తెర నల్లగా అయిపోయి ఇక కదల్లేదు. మీ ఆఫీసు రెహానా ఇచ్చిన సీడీ పెడితే చక్కగా తెరుచుకుంది. తెలుగు అక్షరాలు కూడా విరక్కుండా కనిపించాయి. పైసా కట్టక్కర్లేదు, వైరస్ గోల లేదు. ఆమె చెప్పిందే నిజమైంది. నాకు మంట అదే.

ఈమధ్య మీ నోట "రెహానా అంది, రెహానా చెప్పింది" తప్ప వేరే మాట లేదు. "భాభీకి ఈజీగా ఉండేది పెట్టండి, పాపం" అందని నవ్వుతూ చెప్పారే, ఆ పాపం ఎందుకొచ్చింది? నా గురించి ఆమెతో ఏం చెప్పారు? నేనూ డిగ్రీ చదివినదాన్నే. ఏది కావాలో నన్ను ఒక్కసారి అడిగారా?

ఆమెకు థాంక్స్ చెప్పండి. ఎక్కించింది మాత్రం నేనని కూడా చెప్పండి.

నసీమా

తా.క. ఎక్కించేముందు పాతవన్నీ చెరిగిపోతాయని తెర మీద చూపించింది. మన పెళ్ళి ఫొటోలు, పాపవి, మీ ఆఫీసు పిక్నిక్‌వి పెన్‌డ్రైవ్‌లో దాచాను. మీ పక్కన ఆమె నిలబడ్డ ఫొటో ఒక్కటే ఉండదు. మరిచిపోయి వదిలేశాననుకోకండి.