నీ సిఫారసు ఉత్తరంలో నేను రాసినది

అమ్మడూ, ప్రభువు కాపుదలలో నేను క్షేమం, నీ ఎమ్మెస్సీ దరఖాస్తూ క్షేమంగా చేరింది.

భూగర్భశాస్త్రం సీటుకి, నీ పని కళ్ళారా చూసినవాళ్ళు సిఫారసు రాయాలన్నారు గదా. బావులు తవ్వే మేస్త్రీగా నేనే నాలుగు పేజీలు రాసి పట్టుకెళ్ళాను. కాలేజీ ఆఫీసు గుమాస్తామ్మ ఒక పేజీ చదివి కళ్ళజోడు తీసింది. "అయ్యా, ఇది ప్రసంగం. సృష్టి సంగతి తర్వాత, మీ అమ్మాయి ఏం చేసిందో రాయండి" అని తెల్లకాగితం ఇచ్చింది.

అరగంట కలం కదల్లేదు. ఆఖరికి ఉన్నదున్నట్టు రాశాను. నేను బావి అడుగున తవ్వుతుంటే, బొక్కెనలో పైకొచ్చిన మట్టి చూసి, "తడి ఇసుక తగిలింది, దరి నిలవదు, పైకి రా నాన్నా" అని నువ్వు అరిచావనీ, అల్పవిశ్వాసివని నిన్ను తిడుతూనే పైకొచ్చాననీ, చెప్పులేసుకునేలోగా బావి దరి కూలిందనీ.

రెండేళ్ళుగా ప్రార్థన కూటాల్లో ఆ కేక దేవుని స్వరమని సాక్ష్యం చెబుతున్నాను. నువ్వు ఎదురుగా కూర్చుని ఒక్కనాడూ నోరు మెదపలేదు. గుమాస్తామ్మ చదివి, "ఈ పిల్లని కాదంటే మా పంతుళ్ళకే నష్టం" అని ముద్ర కొట్టింది.

అమ్మ మోకాలి వాపు తగ్గిందా? మేక ఈనిందా? నా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించు. ఈ ఆదివారం సాక్ష్యం సరిదిద్ది, ఆ కేక నీదేనని అందరి ముందూ చెబుతాను. దేవుడే నీ నోట పలికాడని కూడా అంటాను, దానికి మాత్రం అడ్డు చెప్పకు.

ఆయన చేయి నీ తలమీద ఉండుగాక.

మీ నాన్న