వంతెన మీద పంటు

ఫిబ్రవరి 2

ఉదయం బావ వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, నా పంటును కోసేస్తారట పద్యం, అన్నాడు.

పద్యం అంటే నేనే. నాకు మీసాలు రాకముందు పెట్టిన పేరు. ఇప్పుడు మీసాలు నెరిసి, తీసేసి, ఏళ్లు గడిచినా ఆ పేరు మాత్రం మార్చలేదు.

బావ ఈ ఏటి మీద పంటు నడిపిన సరంగు. వంతెన లేని రోజుల్లో లారీలు, బస్సులు, పశువులు, పెళ్లివారు, అందరూ ఆ ఇనుప పంటెక్కే అవతలి ఒడ్డుకు చేరేవారు. వంతెన వచ్చింది. పంటు ఒడ్డెక్కింది. నాటినుంచి అక్కడే పడి ఉంది. ఇప్పుడు ఆ స్థలం ఖాళీ చేయాలట. నెలాఖరులోగా కదలకపోతే పాత ఇనుము వ్యాపారి పట్టుకుపోతాడు. అవతలి ఒడ్డున బడి నడిపే హెడ్‌మిస్ట్రెస్ దాన్ని తమకిమ్మని అడిగారు. పిల్లలు కూర్చుని చదువుకునే గదిగా మారుస్తారట.

కానీ ఏట్లో పంటు తేలేంత నీరేదీ? ఎగువన ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఇసుకే ఎక్కువ. కాబట్టి రోడ్డు మీదే పోవాలి. బతుకంతా లారీలను మోసిన పంటును ఇప్పుడు లారీ మోయాలి. అదీ, తన ఉద్యోగం ఊడగొట్టిన వంతెన మీదుగా.

నిలువునా రెండు ముక్కలు చేస్తే పర్మిట్ గొడవే ఉండదని ట్రాన్స్‌పోర్టు అతను సలహా ఇచ్చాడట. నిన్ను కూడా నిలువునా కోసి రెండు లారీల్లో పంపిస్తారా అని అడిగి వచ్చానన్నాడు బావ.

నేను ఉద్యోగకాలమంతా ఓవర్‌సైజ్, ఓవర్‌వెయిట్ లోడ్లకు పర్మిట్లు ఇచ్చినవాణ్ణి. అందుకే నా గుమ్మం తొక్కాడు.

ఫిబ్రవరి 3

పాత రూల్సు పుస్తకం తీశాను. చేతికి తగలగానే ప్రాణం లేచివచ్చింది.

శాస్త్రాలు చదివిన కొడుకు లారీల ఆఫీసులో చేరాడని నాన్నగారు కొన్నాళ్లు ముఖం చూపలేదు. ఆయనకు నేను చెప్పలేకపోయిన మాట ఒకటుంది. ఈ పుస్తకం చదువుతుంటే నాకెన్నడూ పరాయిచోట ఉన్నట్టనిపించలేదు. ఒక సూత్రం, దానికొక మినహాయింపు, ఆ మినహాయింపుకు మరొక హద్దు. సూర్యుడు అస్తమించాక పెద్ద లోడు కదలరాదు అనే షరతు మొదటిసారి చదివిన రోజున, పొద్దుగూకగానే ఆయుధాలు దించే పూర్వకాలపు యుద్ధధర్మం గుర్తుకొచ్చి ఆఫీసులో ఒంటరిగా నవ్వుకున్నాను.

అన్నిటికీ తల్లివంటి సూత్రం ఒకటే. సరుకు విడదీయరానిదై ఉండాలి. విడదీయగల దానికి పర్మిట్ లేదు. విడదీస్తే పనికిరాకుండా పోయేది, తిరిగి కూర్చలేనిది మాత్రమే తన పూర్తి వెడల్పుతో రోడ్డెక్కే అర్హత గలది.

పంటు విడదీయరానిదని నిరూపించాలి. ఇంతే పని.

ఫిబ్రవరి 5

దరఖాస్తు ఇచ్చాను. ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న ఆఫీసరమ్మ నా దగ్గరే పని నేర్చుకున్నది. లేచి నిలబడి, గురువుగారూ, మీరు క్యూలో నిలబడటమేమిటని నొచ్చుకున్నది. కుర్చీ వేయించింది. టీ తెప్పించింది. అంతా అయ్యాక, చూడకుండా సంతకం పెట్టలేనండీ, తొమ్మిదో తారీకున వచ్చి చూస్తాను అన్నది.

చిన్నబుచ్చుకోవలసిన మాటే. గర్వంగా అనిపించింది.

అక్కకు చెబితే, మీ ఇద్దరి వయసులూ కలిపి తూస్తే ఆ వంతెన మీద మిమ్మల్నే నడవనివ్వరు, పంటు సంగతి తర్వాత చూద్దురు గాని అన్నది.

ఫిబ్రవరి 6

ఇవాళ ఒంటరిగా ఒడ్డుకు వెళ్లాను. పంటు ఇసుకలో ఒక పక్కకు ఒరిగి ఉంది. సరంగు గది అద్దాలు లేవు. డెక్కు మీద గడ్డి మొలిచింది.

గురువుగారి ఇల్లు అవతలి ఒడ్డున ఉండేది. పాఠానికి రోజూ ఈ పంటు మీదే పోయేవాణ్ణి. చిన్నవాణ్ణి కదా అని అక్క తోడు వచ్చేది. లారీల మధ్య, డీజిల్ వాసనలో నిలబడి ముందురోజు పద్యాలు వల్లెవేసుకునేవాణ్ణి. కొత్తగా చేరిన కుర్ర సరంగు గదిలోంచి తల బయటపెట్టి, తాడు విప్పుతున్నా, పద్యం ఎత్తు అనేవాడు. ఒడ్డు రాకముందే పద్యం అయిపోతే, నీ పద్యం తొందరపడింది అనేవాడు. పద్యం మిగిలి ఉండగా ఒడ్డు వస్తే, నా ఇంజను తొందరపడింది అనేవాడు. సీసపద్యమైతే అతనికి మహా ఇష్టం. పొడుగు గనక.

మా దగ్గర టికెట్ తీసుకునేవాడు కాదు. విద్య పట్ల గౌరవమని నమ్మాను. అక్క పెళ్లి కుదిరిన రోజున గాని తెలియలేదు, ఆ గౌరవం నా పద్యాలకు కాదని.

పంటు ఎప్పుడు కదులుతుందని ఎవరడిగినా అతని జవాబు ఒకటే. గాలి తగ్గనివ్వండి. ఆకు కదలని రోజున కూడా అదే మాట. టీ తాగాలంటే గాలి. అక్క ఇంకా రాలేదంటే గాలి.

ఫిబ్రవరి 9

సర్వనాశనం.

ఆఫీసరమ్మ చెప్పిన వేళకు వచ్చింది. టేపు పట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిపించింది. నేను నా వాదం వినిపించాను. వారం రోజులుగా కూర్చిన వాదం. ఈ పంటు ఒక్క శరీరం, కోస్తే శవం, అని ముగించాను. ఆమె తల ఊపుతూ రాసుకుంటోంది. కలం సగం దారిలో ఉంది.

అంతసేపు నోరు మూసుకుని ఉన్న బావకు అప్పుడు హుషారు పుట్టింది. అమ్మాయి శ్రద్ధగా వింటోంది కదా అని మొదలుపెట్టాడు. అమ్మా, ఇది ఇక్కడికి వచ్చిన రోజు నాకింకా గుర్తు. కుడి సగం ఒక లారీలో, ఎడమ సగం ఒక లారీలో. ఈ ఒడ్డునే, ఇదిగో ఇక్కడే, రెండూ కలిపి రివెట్లు కొట్టారు. ఆ చప్పుడు అవతలి ఊరిదాకా వినబడింది. మొదటి రివెట్ నా చేతుల మీదుగానే పడింది.

ఆఫీసరమ్మ కలం మూసింది. నా వైపు చూడలేక టేపు చుడుతున్న మనిషి వైపు చూసింది. రెండుగా వచ్చినది రెండుగా పోగలదు కదండీ గురువుగారూ, ఈ సూత్రం మీరు నేర్పినదే అన్నది.

నేర్పినదే. ఆ చోట నేనున్నా కలం మూసేవాణ్ణి.

ఆమె కారు వెళ్లాక బావ, అమ్మాయి మంచిది, ఓపిగ్గా విన్నది అన్నాడు.

ఫిబ్రవరి 10

బావతో మాట్లాడలేదు.

ఫిబ్రవరి 11

అక్క ఫోన్. నిన్నటినుంచి బావ ముద్ద ముట్టలేదట. తన నోటి తొందర వల్లే పంటు ముక్కలవుతోందని ఎవరో చెబితే తెలిసిందట. ఎవరు చెప్పారని అడిగితే, ఇంకెవరు, నేనే, నువ్వు చెప్పవని తెలిసి, అన్నది.

వెళ్లాను. బావ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అబద్ధం ఆడి ఉండాల్సింది కదా పద్యం, అన్నాడు. ఆ మాట వినగానే నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. అబద్ధం ఆడకపోవడం అతని తప్పు కాదు. అతను చెప్పినదానికి నా దగ్గర జవాబు లేకపోవడం నా తప్పు.

ఇంటికి వచ్చి సూత్రం మళ్లీ చదివాను. విడదీయగలగడం సగమే. తిరిగి కూర్చగలగడం రెండో సగం. వచ్చినప్పుడు రెండు కావచ్చు. ఇన్నేళ్ల నీళ్లూ తుప్పూ తాగి, ఇప్పుడేమిటన్నది ప్రశ్న. దానికి జవాబు చెప్పగలవాడు నేను కాదు. వెల్డర్.

ఫిబ్రవరి 13

ఆఫీసరమ్మను మళ్లీ రమ్మని వేడుకున్నాను. వచ్చింది. వెల్డర్‌ను ఆమే వెంటబెట్టుకొచ్చింది, నా మనిషి కాకూడదని. మంచి పని చేసింది.

అతను సుత్తితో పంటు పొడుగునా తట్టుకుంటూ నడిచాడు. ఒకచోట గంటలా మోగింది. నాలుగుచోట్ల తడిసిన అట్టలా చప్పుడు చేసింది. చివరికి, గ్యాస్‌తో పూటలో కోసి పారేస్తానండీ, మళ్లీ అతకమంటే మాత్రం నా వల్ల కాదు, నడిమి రేకు పలచబడిపోయింది, మంట తగిలితే చిల్లులు పడతాయి, ఎవడన్నా అతుకుతానన్నాడంటే వాడు మిమ్మల్ని ముంచుతాడు, అన్నాడు.

నాకు కావలసిన వాక్యం అదే. ఆఫీసరమ్మ కలం తెరిచింది.

బావ అడ్డుపడ్డాడు. నా పంటు రేకు పలచనా, ఎవడన్నాడది, నిండు లోడు లారీలు మోసిన రేకు ఇది, కావాలంటే కోసి అతికి చూడు, నిక్షేపంగా ఉంటుంది, అన్నాడు. నేను అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. బావతోపాటు వచ్చిన అక్క వెనక నుంచి, పలచబడిందని ఒప్పుకోండి, మీరు పలచబడలేదా, నేను పడలేదా, అది మాత్రం ఇనుముతో చేసిందా ఏమిటి, అన్నది.

ఇనుముతోనే కదే చేసింది, అన్నాడు బావ.

వెల్డర్ నవ్వాడు. ఆఫీసరమ్మ నవ్వుతూనే రాసింది. దుర్బలమైనందువల్ల విడదీయరానిది. ఇలాంటి మాట నేనెప్పుడూ ఏ పర్మిట్‌లోనూ రాయలేదు. బలంగా ఉన్నన్నాళ్లూ రెండుగా విడదీయగలిగినది. బలం పోయాక ఒక్కటైంది.

ఫిబ్రవరి 16

పర్మిట్ వచ్చింది. బావకు షరతులు చదివి వినిపించాను.

ఒక్క ప్రయాణానికి మాత్రమే. సూర్యోదయం తర్వాత, మంచు లేనప్పుడు. ముందొకటి, వెనకొకటి పైలట్ కార్లు. వంతెన మీద ఈ లోడు తప్ప మరేదీ ఉండరాదు. నట్టనడుమ, మనిషి నడక వేగంతో, బ్రేకు వేయకుండా, ఆగకుండా పోవాలి. లోడు మీద మనుషులు ఉండరాదు.

చివరి షరతు దగ్గర ఆపమన్నాడు. ఏరు దాటేటప్పుడు సరంగు గదిలో సరంగు ఉండాలి, అది నా రూలు, అన్నాడు. మినహాయింపు లేదన్నాను. ఎన్ని చదివావు, ఒక మినహాయింపు పుట్టించలేవా అని అడిగాడు. పుట్టించడం నాకు చేతనవును. పుట్టించలేదు. ఆ పలచని రేకు మీద అతన్ని నిలబెట్టలేను.

ఫిబ్రవరి 19

ట్రైలర్ డ్రైవర్‌తో కలిసి వంతెన చూశాను. పంటు వెడల్పు రెయిలింగుల మధ్య దూరం కన్న ఎక్కువ. హైడ్రాలిక్ ట్రైలర్ కనుక లోడు కూర్చునే బల్లను పైకెత్తి, పంటు అంచులు రెండువైపులా రెయిలింగుల పైనుంచి పోయేట్టు చేస్తానన్నాడు. బరువు చాలా యాక్సిళ్ల మీద పంచుతాడు. వంతెన కట్టిన కాంట్రాక్టర్ దీపస్తంభాల డబ్బు తినేశాడని ఊరంతా ఇన్నేళ్లూ తిట్టుకున్నాం. ఇవాళ ఆ పుణ్యాత్ముణ్ణి మనసులో తలుచుకున్నాను. స్తంభాలుంటే పంటు పట్టేది కాదు.

నాకు పైనుంచి నేల మీది నడిమి గీత సరిగ్గా కనబడదు, ముందు ఒక మనిషి గీత మీద నడిస్తే అతన్ని చూసుకుంటూ వస్తాను, నదురూ బెదురూ లేనివాడు కావాలి, అన్నాడు డ్రైవర్.

బావకు చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. సాయంత్రానికల్లా చెప్పేశాను.

ఫిబ్రవరి 22, సాయంత్రం

 ఉదయం వంతెన దగ్గర జరిగింది రాస్తాను.

ఆఫీసరమ్మ బావను పైనుంచి కిందికి చూసి, ఆగకుండా నడవగలరా అని అడిగింది. ఈ ఏటి మీద నేనెప్పుడూ నడిమధ్యన ఆగలేదమ్మా, అన్నాడు. రిఫ్లెక్టర్ కోటు, హెల్మెట్ తప్పనిసరి అన్నది. అక్క హెల్మెట్ పట్టీ బిగిస్తూ, పెళ్లినాడు కూడా ఇంత ముస్తాబు కాలేదు అన్నది. పక్కన ఇంకొకరు ఉండాలన్నది ఆఫీసరమ్మ. నాకూ ఒక కోటు ఇచ్చింది.

వంతెన రెండువైపులా మూసేశారు. వెనుక ట్రైలర్ ఇంజను మేల్కొంది. బావ తెల్లగీత మీద నిలబడి, నా వైపు తిరగకుండానే, తాడు విప్పుతున్నా, పద్యం ఎత్తు, అన్నాడు.

సీసం ఎత్తాను. గొంతు పాతబడింది గాని పద్యం పాతబడలేదు. అతని అడుగుకు తగ్గట్టు సాగదీశాను. పొద్దు మా వీపున ఉంది. పంటు నీడ మమ్మల్ని దాటి ముందుకు పడింది. దాని మొనను, సరంగు గది చూరును ఆ నీడలో గుర్తుపట్టాను. మేమిద్దరం ఆ నీడలోనే నడిచాం. కింద ఇసుక. రెయిలింగుల పైన ఇనుము గాలిలో తేలుతున్నట్టే వచ్చింది.

నడిమికి వచ్చేసరికి బావకు ఆయాసం. అడుగు చిన్నదైంది. వెనక ఉన్నవాడు ఆగకూడదు, బ్రేకు వేయకూడదు. పక్కకు తప్పుకోమన్నాను. వినలేదు. చెయ్యి అందించాను. పట్టుకోలేదు. నీ పద్యం తొందరపడుతోంది, అన్నాడంతే. నెమ్మది చేశాను. ఒక్కొక్క అక్షరానికీ ఒక్కొక్క అడుగు. డ్రైవర్ మా అడుగును చూసుకుంటూ పాకించాడు. పద్యం అయిపోయింది. ఒడ్డు రాలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తాను.

రెండోసారి పద్యం చివరి ఎత్తుగీతిలో ఉండగా వంతెన అయిపోయింది. అవతలి ఒడ్డున బడిపిల్లలు బారులు తీరి ఉన్నారు. బావ గీత మీద నుంచి పక్కకు తప్పుకుని, మోకాళ్లు పట్టుకుని వంగి నిలబడ్డాడు. పంటు అతన్ని దాటి వెళ్లింది. వెళ్లేటప్పుడు చెయ్యి చాచి దాని ఒంటిని తాకాడు.

ఇంజను తొందరపడింది, అన్నాడు.

ఫిబ్రవరి 23

మోకాళ్లు లేవనివ్వడం లేదు. బావవీ అంతేనట.

మార్చి 14

బావ ఫోన్ చేశాడు. తిరుగు ట్రిప్పు ఎన్నింటికి పద్యం, అని అడిగాడు.

పర్మిట్ ఒక్క ప్రయాణానికేనని అతనికి తెలుసు. చదివి వినిపించినవాణ్ణి నేనే.

గాలి తగ్గనీ బావా, అన్నాను.