మూత పెట్టిన కప్పు

అత్తయ్యా,

కోపంగానే చదవండి, మధ్యలో మాత్రం ఆపకండి. వదినగారింట్లో ఎలా ఉందని అడిగే మొహం నాకు లేదు.

ఆ రోజు క్లాసులో ఒక్కో దేశం వాళ్ళు టీ ఎలా తాగుతారో పిల్లలకు చూపిస్తున్నాను కదా. జపాన్ వాళ్ళు గిన్నెను అరచేతిలో తిప్పి తాగడం, మొరాకో వాళ్ళు పైనుంచి నురగ వచ్చేలా పొయ్యడం, అన్నీ అయ్యాయి. చివర్లో మీ చేతి టీ రుచి చూపించాలని మిమ్మల్ని నేనే రమ్మన్నాను. మీరు మంచి బట్టలు కట్టుకుని వెనక బెంచీలో ఒద్దికగా కూర్చున్నారు.

పిల్లలు ఆవులిస్తున్నారు. ఎలాగైనా వాళ్ళను మెలకువగా ఉంచాలనే ఆత్రంలో మన ఇంటి సంగతి నోరు జారింది. ఇద్దరికీ మాటల్లేనప్పుడు గది గుమ్మం ముందు టీ కప్పు పెట్టి, పైన సాసరు మూసి, తలుపు తట్టకుండా వెళ్ళిపోవడం. కప్పు లోపలికి వెళ్ళిందంటే గొడవ తీరినట్టే. అంతా చెప్పి, "ఇది ఎక్కడో కొండల్లో ఉండేవాళ్ళ ఆచారం" అనేశాను. మా అత్తగారు చేస్తారంటే నవ్వుతారని సిగ్గుపడ్డాను అత్తయ్యా. అది చాలనట్టు, "పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను క్షమించినట్టు గుర్తు" అని వ్యాఖ్యానం కూడా తగిలించాను. పిల్లలు చెవులు రిక్కించి విన్నారు.

ముందు బెంచీ పిల్ల మీవైపు తిరిగి, "నానమ్మగారూ, మీ ఇంట్లో ఇలాంటివేమైనా ఉన్నాయా?" అంది.

మీరు నన్నొక చూపు చూసి, "ఏం లేవమ్మా. మేం ఊరికే తాగేస్తాం" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క మాట అంటే సరిపోయేది. అనకుండా గంట కొట్టేదాకా కప్పులు సర్దుతూ గడిపాను. మర్నాడు మీరు కూతుర్ని చూడాలంటూ సంచి సర్దుకున్నారు. "అమ్మ ఎందుకెళ్ళింది?" అని మీ అబ్బాయి అడిగితే, "వదిన మీద బెంగట" అన్నాను. ఆ అబద్ధం కూడా నా ఖాతాలోనే వేసుకోండి.

సోమవారం పిల్లలకు నిజం చెప్పేస్తాను. నవ్వితే నవ్వనీ. మీరు మాత్రం వచ్చేయండి.

మొహం చెల్లని
మీ కోడలు

*

అమ్మాయ్,

నీ ఉత్తరం మీ వదిన కంటపడకుండా స్నానాల గదిలో చదువుకున్నాను. బయట ఆవిడ, "అమ్మా, బతికే ఉన్నావా?" అని ఒకటే కేకలు.

సోమవారం చెప్పేటప్పుడైనా సరిగ్గా చెప్పు. అది ఆచారమూ కాదు, గీచారమూ కాదు. నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో నీ వంటను నలుగురి ముందు వెక్కిరించాను. నువ్వు తలుపేసుకున్నావు. తప్పు నాదేనని తెలుసు, కానీ అత్తగారినైపోయాను కదా, నోరు పెగల్లేదు. టీ పెట్టి, చల్లారిపోతుందని సాసరు మూసి, నువ్వు తలుపు తీస్తావేమోనని పారిపోయాను. తర్వాత అదే అలవాటైంది.

కొండల వాళ్ళదన్నందుకు నాకు నవ్వొచ్చింది. "పెద్దవాళ్ళు క్షమించినట్టు" అన్నావు చూడు, అక్కడ మనసు చివుక్కుమంది. నేను పెట్టిన ప్రతి కప్పూ క్షమాపణే తల్లీ. నువ్వు తాగితే నన్ను క్షమించావనుకుని ఊపిరి పీల్చుకునేదాన్ని. నువ్వేమో నేనే నిన్ను క్షమిస్తున్నాననుకుని తాగావా? నీ తప్పేమీ లేని రోజుల్లో కూడానా?

శనివారం వస్తున్నాను. రాగానే గదిలోకెళ్ళి తలుపేసుకుంటాను. ఈసారి కప్పు ఎవరు పెట్టాలో నీకు తెలుసు. చక్కెర తగ్గించు.

తలుపు గడియ వెయ్యని
మీ అత్తయ్య