టెంకాయ నీళ్ల మాదిరి

ఆదోని, హాస్టలు

ప్రియమైన సంతోషీ,

అమ్మానాన్న మిరపకాయలు కోసే సుగ్గికి గుంటూరు పోయాక ఇంట్లో మీరు ముగ్గురే కదా. అవ్వను విసిగించకండి. తమ్ముణ్ణి బడి మాననివ్వకు.

ఈరోజు రాఘవేంద్ర సారు మురుగునీటి శుద్ధి పాఠం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, తలకిందులుగా పట్టి, మూతి దగ్గర గుడ్డ, దాని మీద బొగ్గు, ఇసుక, గులకరాళ్లు నింపారు. పైన నల్లని మురికినీళ్లు పోస్తే కింద తేటగా చుక్కలు పడ్డాయి. తేట! ఎంత చక్కని మాటో చూడు. ఇంతలో గంట కొట్టారు, పాఠం సగంలో ఆగింది. నేను ఆగలేకపోతున్నాను.

నువ్వూ ఒకటి చెయ్యి. మన ఊరి మురుగు కలిసే వంక నీళ్లే పొయ్యి. మీరంతా తాగి, రుచి ఎలా ఉందో రాయండి. సైన్సు ప్రదర్శనలో అందరి ముందూ చదువుతాను.

మీ మాటల కోసం ఎదురుచూసే అక్క,
రేణుక


ప్రియమైన అక్కకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. బొగ్గు మన పొయ్యిలోదే. నీళ్లు నిజంగానే తేటగా దిగాయి! తమ్ముడు ఉరుకుందు గ్లాసు నోటి దాకా తెచ్చుకున్నాడు. అవ్వ లాక్కుంది.

"వంక నీళ్లేమిరా ఇవి? ఎనుములు గూడా ఆడ మూతి పెట్టవు గదరా!"

"సదువుకున్న అక్క సెప్పింది అవ్వా. నీకేం తెలుసు?" అన్నాడు వాడు.

అవ్వ నీ ఉత్తరం అడిగి తీసుకుంది. చదవడం రాదు కదా, అక్షరాల మీద వేలు నడిపింది. తర్వాత గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. "టెంకాయ నీళ్ల మాదిరి ఉండాయని రాయే" అంది. మిగిలినవీ తనే తాగింది, మాకు చుక్క ఇవ్వలేదు. సీసాను అటక మీద పెట్టేసింది. ఎంత పిసినారి ముసల్దో!

ముద్దులతో,
సంతోషి


ఆదోని

ప్రియమైన సంతోషీ,

ఈ ఉత్తరం అందగానే, నిలబడిన చోటే చదువు. ఆ నీళ్లు ఎవరూ తాగొద్దు.

సారు సెలవు ముగించుకొని వచ్చి, ఈరోజే మిగతా పాఠం చెప్పారు. ఇసుక, బొగ్గు మురికిని ఆపుతాయి గానీ రోగాలు తెచ్చే క్రిములు దిగిపోతాయట. కంటికి తేటగా ఉన్నా అవి మురుగు నీళ్లేనట. వార్డెనమ్మను బతిమాలి పక్కింటి ఏసన్న మామకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోతోంది. ఎందుకు ఎత్తడు?

కళ్లు మూస్తే తమ్ముడు గ్లాసు పట్టుకొని కనిపిస్తున్నాడు. వాడు అటక ఎక్కగలడు సంతోషీ. పుస్తకంలో 'తేట' అని కనబడితే పేజీ తిప్పేస్తున్నాను.

అవ్వ ఎలా ఉందో ఒక్క ముక్కైనా రాయి.

భయంతో,
రేణుక


ఎమ్మిగనూరు, ఆసుపత్రి

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరాన్ని ఏసన్న మామ ఇక్కడికే తెచ్చి ఇచ్చాడు. తమ్ముడు బాగున్నాడు, నా పక్కనే బన్ను తింటున్నాడు. మంచం మీద ఉన్నది అవ్వ.

వాంతులు, విరేచనాలు. మాకు తెలియకుండా దాచింది. చివరికి గడపలోనే పడిపోయింది. మామ కంగారులో ఫోను ఇంట్లోనే వదిలేసి ఆటోలో తీసుకొచ్చాడు. సెలైను ఎక్కిస్తున్నారు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. అవ్వ నవ్వింది.

"నాకు వాసన తెలీదా పిల్లా? మురుగు మురుగే."

"మరి యాల తాగితివి?"

"పారబోస్తే మీరు మళ్లా పట్టకొస్తారు. పిల్ల సదువు నిజమైతే మంచిదే. కాకుంటే ముసల్దానికే గదా!"

"టెంకాయ నీళ్లంటివి?"

"మీ అక్క ఊరు గాని ఊర్లో ఉండాది. బాగలేవంటే ఏడుస్తాది గదే."

డాక్టరమ్మ వచ్చి అవ్వ వాచిన కాళ్లు నొక్కి చూసి, పెద్దవాళ్లను పిలిపించమని మామతో చెప్పింది. అమ్మానాన్నకు మామ కబురు పెట్టాడు.

ఇప్పుడు అవ్వ మళ్లీ నా చేయి పట్టుకొని, "నేను బాగుండానని రాయే" అంటోంది. రాస్తున్నాను. కానీ అక్కా, టెంకాయ నీళ్ల మాట కూడా తనే రాయించింది.

నువ్వు వెంటనే బస్సెక్కు.

సంతోషి