మూడు లిల్లీ గడ్డలు

నంద్యాల,
మే 17, ఆదివారం.

అక్కా,

అక్కా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. నువ్విచ్చిన ఎర్ర లిల్లీ బంతిలా గుండ్రంగా పూసింది.

మూడు గడ్డలు నా చేతిలో పెట్టి, "ఆకు ఎండినాక నీళ్లు పోయొద్దు. ఎండలొచ్చేదాకా మర్చిపో. పిల్లలు పెడితే నా మూడు నాకియ్యి" అన్నావు. నేను మర్చిపోయే మనిషినా? రోజుకో చెంబు పోసి క్యాలెండర్లో టిక్కు పెట్టాను. రెండు కుళ్లిపోయాయి. "పుచ్చు గడ్డలిచ్చినావక్కా" అని ఫోన్‌లో తప్పు నీమీదికే నెట్టాను.

"పోనీలేమే, నేనే చూడకుండా ఇచ్చింటా" అన్నావు.

మూడోది బట్టలుతికే బండ వెనక పగిలిన కుండీలో ఉండేది. దాన్ని నిజంగానే మర్చిపోయాను. అదే బతికి నాలుగైంది.

పూసినదాన్ని మట్టితో సహా, ఇంకో రెండింటితో కలిపి సంచిలో పెట్టుకుని తీసుకెళ్లాను. మీ నీళ్లతొట్టి పక్కన బావ గుంత తవ్వాడు.

"ఆకు ఎండినాక చుక్క పోయొద్దు బావా. నేనట్లే రెండు చంపినా" అన్నాను.

"తెల్సులే. ఆపొద్దు ఫోన్ పెట్టేసి మీయక్క ఒగటే నవ్వు. మా చిన్నది దినామూ నీళ్లు పోసి చంపింటాది అనె."

నీకు మూడు గడ్డలు ముట్టాయక్కా. పుచ్చువన్న మాట కూడా వెనక్కి తీసుకున్నాను. బాకీ చెల్లు.